గోడ ఒకటే, చట్టాలు అనేకం: తిరుపతి, చిత్తూరులో నిర్మాణ వివాదాన్ని ఎలా పరిశోధించాలి

సంక్షిప్తంగా: నిర్మాణ రంగానికంతటికీ వర్తించే ఒకే చట్టం మన దేశంలో లేదు. స్థలం హక్కు, ప్లాన్ అనుమతి, కాంట్రాక్టు, ఫ్లాటు కొనుగోలు, కూలీల భద్రత వేర్వేరు చట్టాల కిందికి వస్తాయి. వాటి గడువులు వేరు, వినే వేదికలూ వేరు. అందుకే ఎవరికి ఎవరితో ఏ సంబంధం ఉంది, ఏ తేదీన ఏం జరిగింది అన్నవి తేల్చుకున్నాకే సెక్షన్లు వెతకాలి. ఈ వరుస తప్పితే, న్యాయం తమ వైపే ఉన్నవారు కూడా గడువు దాటిపోయి నష్టపోతారు.

తిరుపతిలో ఫ్లాటు కొన్న కుటుంబానికి నాలుగో ఏట స్లాబు నుంచి చెమ్మ దిగడం మొదలైందనుకుందాం. బిల్డరు ఫోను ఎత్తడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, అంటే ప్లాన్ ప్రకారం కట్టారని, నివాసం ఉండవచ్చని ఇచ్చే పత్రం) ఇంకా రాలేదు. స్థలం యజమానిని అడిగితే తాను డెవలప్‌మెంటుకు ఇచ్చానే తప్ప కట్టింది తాను కాదంటాడు. ఒకరు రెరాకు (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థకు) వెళ్లమంటారు, ఇంకొకరు వినియోగదారుల కమిషన్ మేలంటారు, మరొకరు పోలీసు కేసు పెట్టమంటారు. ప్రతి సలహాలోనూ కొంత నిజం ఉండటమే గందరగోళానికి కారణం.

ఒకే కట్టడం, అరడజను సంబంధాలు

ఇల్లు కట్టే క్రమంలో చాలామంది మధ్య చట్టపరమైన సంబంధాలు ఏర్పడతాయి. స్థలం అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య ఉన్నదానికి 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తాయి. కట్టించేవారికీ కాంట్రాక్టరుకూ మధ్య ఉన్నదానికి 1872 కాంట్రాక్టు చట్టం, తగవును కోర్టు బదులు ఆర్బిట్రేటరు తీర్పుతో తేల్చుకోవాలన్న ఆర్బిట్రేషన్ షరతు ఒప్పందంలో ఉంటే దానితోపాటు 1996 ఆర్బిట్రేషన్ చట్టం వర్తిస్తాయి. అమ్మే బిల్డరుకూ కొనేవారికీ మధ్య 2016 రెరా చట్టం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంటాయి. యజమానికీ నగరపాలక సంస్థకూ మధ్య పురపాలక, పట్టణాభివృద్ధి చట్టాలు, పక్కింటివారితో 1882 ఈజ్‌మెంట్ (పక్క ఆస్తి మీద ఉండే అనుభవ హక్కుల) చట్టం, పని చేసేవారితో కార్మిక చట్టాలు వస్తాయి.

పై ఉదాహరణలో చెమ్మ గురించిన ఫిర్యాదు బిల్డరుకూ కొన్నవారికీ మధ్యది. ఓసీ రాకపోవడంలో ఆ సంబంధంతోపాటు పురపాలక చట్టం కూడా కలుస్తుంది. స్థలం యజమాని బాధ్యత ఎంతన్నది డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, అమ్మకం దస్తావేజుపై సంతకాలు చేసిందెవరు అన్నవాటిని బట్టి తేలుతుంది. కాబట్టి ముందుగా ఒక కాగితం తీసుకుని ఎవరెవరున్నారు, ఎవరికి ఎవరితో ఏ పత్రం ఉంది, పత్రమే లేకుండా డబ్బు ఎక్కడ చేతులు మారింది అని గీసుకోవాలి. ఆ పటం లేకుండా మొదలుపెట్టిన పరిశోధన తీర్పుల కుప్పగా మిగులుతుంది.

అవతలి పక్షం ఏ రూపంలో ఉందో కూడా ఆ పటంలోనే రాసుకోవాలి. కంపెనీ అయితే దివాలా చట్టం దాకా దారి ఉంది, 2019 పయనీర్ అర్బన్ తీర్పు తర్వాత ఇంటి కొనుగోలుదారులకు ఆర్థిక రుణదాతల హోదా కూడా ఖాయమైంది. అయితే చిన్న పట్టణాల బిల్డర్లలో చాలామంది భాగస్వామ్య సంస్థలుగానో, వ్యక్తులుగానో వ్యాపారం చేస్తుంటారు. కంపెనీల కోసం పెట్టిన దివాలా ప్రక్రియ వారికి వర్తించదు. భాగస్వామ్య సంస్థ అయితే 1932 చట్టం సెక్షన్ 25 ప్రకారం ప్రతి భాగస్వామి సొంత ఆస్తి మీదా బాధ్యత పడుతుంది. కాంట్రాక్టరుది రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ అయితే సెక్షన్ 69 వల్ల బిల్లు బాకీ కోసం ఆ సంస్థ పేరుతో సివిల్ దావా వేయడమే కుదరదు. అదే సంస్థ మీద ఇతరులు దావా వేయడానికి మాత్రం ఆ అడ్డంకి లేదు.

సెక్షన్ల కంటే ముందు తేదీలు

స్థలం దస్తావేజు, ప్లాన్ మంజూరు, ఒప్పందం, ప్రతి చెల్లింపు, పని ఆగిన రోజు, తాళాలు చేతికొచ్చిన రోజు, లోపం మొదటిసారి కనబడిన రోజు, నోటీసు ఇచ్చిన రోజు. ఇవన్నీ వరుసగా రాసుకోవాలి.

ఏ చట్టం వర్తిస్తుందో తేదీయే చెబుతుంది. సైటు మీద పరంజా కూలి ఒకరు చనిపోయారనుకుందాం. ఆ ఘటన 2024 జూలై 1కి ముందైతే భారత శిక్షాస్మృతి సెక్షన్ 304-ఏ కింద గరిష్ఠంగా 2 ఏళ్ల శిక్ష, తర్వాతైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 ఏళ్ల వరకు. పరిహారం విషయంలోనూ ఇలాగే. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో, అంతకుముందు జరిగిన ప్రమాదాలకు 1923 ఉద్యోగుల పరిహార చట్టం, తర్వాతి వాటికి సామాజిక భద్రతా కోడ్ చూడాలి. భవన నిబంధనల్లో 2012 ఏప్రిల్ నుంచి జీవో 168, 2017 మార్చి చివరి నుంచి జీవో 119 కింద వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు, ఆపైన వాటికి వరుస సవరణలు వచ్చాయి. 2015లో మంజూరైన ప్లాన్‌లో సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిపోయిందో లేదో ఇవాళ్టి పట్టికతో కొలిస్తే జవాబు తప్పుతుంది.

గడువు కూడా తేదీతోనే మొదలవుతుంది. 1963 కాలపరిమితి చట్టం ఆర్టికల్ 18 ప్రకారం, డబ్బు ఎప్పుడివ్వాలో ఒప్పందంలో రాయకపోతే, చేసిన పనికి రావాల్సిన మొత్తం కోసం పని పూర్తయిన రోజు నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. ఒప్పందం ఉల్లంఘనకు పరిహారమైతే ఆర్టికల్ 55, అక్కడ ఉల్లంఘన జరిగిన రోజు నుంచి 3 ఏళ్లు. వినియోగదారుల కమిషన్‌లో 2 ఏళ్లు. ఆర్బిట్రేషన్ తీర్పును సవాలు చేయడానికి 3 నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అంతకు మించి ఒక్క రోజు కూడా పొడిగించే అధికారం కోర్టుకు లేదు.

ఈ ప్రాంతంలో ఎక్కువమంది నష్టపోయేది నోటి హామీల దగ్గరే. "పండగ తర్వాత చేసిపెడతాం", "ఇంకో ఫ్లాటు అమ్ముడుపోగానే ఇచ్చేస్తాం" వంటి మాటలతో గడువు ఆగదు. కాలపరిమితి చట్టం సెక్షన్ 18 ప్రకారం, గడువు తీరకముందే అవతలివారు సంతకంతో రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటేనే లెక్క మళ్లీ మొదలవుతుంది. కొంత డబ్బు చెల్లించి, ఆ చెల్లింపు రాతలో నమోదైతే సెక్షన్ 19 ఉపయోగపడుతుంది. అందుకే ప్రతి హామీ తర్వాత ఒక ఉత్తరమో, మెయిలో పంపి జవాబు రాబట్టుకోవడం అవసరం.

నేల చరిత్ర: చిత్తూరు సీమకున్న ప్రత్యేకత

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసులో భాగం. కాబట్టి ఇక్కడి భూమి హక్కుల మూలం మద్రాసు నాటి రైత్వారీ, జమీందారీ, ఇనాం రికార్డుల్లో ఉంటుంది. కార్వేటినగరం, శ్రీకాళహస్తి వంటి జమీన్ల కింది గ్రామాలకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, ఇనాం భూములకు 1956 ఇనాముల రద్దు చట్టం చూడకుండా ఇవాళ్టి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే తిరగేస్తే హక్కు తేలదు. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీ మాత్రమే. అసలు పట్టా ఎవరిదన్నది ఆర్‌ఎస్‌ఆర్‌ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు)లో ఉంటుంది. ఆ రిజిస్టరులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూముల కోసం 2017లో ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది.

రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద, రిజిస్టరు చేయకూడని భూముల నిషేధిత జాబితా ఇంకా ముఖ్యం. ప్రభుత్వ భూమి, డీకేటీ పట్టా కింద ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, గుడి, మఠం, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. తిరుపతి చుట్టుపక్కల మఠం, దేవస్థానం భూములు ఎక్కువ కాబట్టి ఈ పరిశీలన తప్పనిసరి. 1987 దేవాదాయ చట్టం సెక్షన్ 80 ప్రకారం తగిన అనుమతి లేకుండా అమ్మిన దేవాదాయ భూమి అమ్మకం చెల్లదు. దాని మీద ఎంత పకడ్బందీగా కట్టినా పునాది చట్టంలో లేనట్టే. జాబితాలో పేరు కనబడితే ఏ క్లాజు కింద పెట్టారో ముందు తెలుసుకోవాలి. 2015లో ఉమ్మడి హైకోర్టు పూర్తి ధర్మాసనం ఈ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పు ప్రకారం, మొదటి నాలుగు క్లాజులకు ఒక దారి, గెజిట్ ప్రకటన అవసరమయ్యే ఐదో క్లాజుకు మరో దారి ఉన్నాయి. 1977 అసైన్డ్ భూముల చట్టానికి 2023లో చేసిన సవరణ 20 ఏళ్లు దాటిన వ్యవసాయ పట్టాలకు అమ్ముకునే హక్కు ఇచ్చినా, ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం నిలిపివేసి విచారణకు పెట్టింది. చట్టం పుస్తకంలో ఉన్నదొకటి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఆ రోజు నడిచేదొకటి కావచ్చు కాబట్టి రెండూ చూడాలి.

చెరువు భూముల సంగతి 2021 నవంబర్ వరదలతో అందరికీ గుర్తొచ్చింది. నీరు తన పాత దారిలోనే నడిచి కాలనీల్లోకి వచ్చింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ గ్రామాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. చెరువులు, కుంటలు, వాగు పోరంబోకు మీద ఇచ్చిన పట్టాలను కాపాడేందుకు సుప్రీంకోర్టు 2001 నుంచీ సుముఖంగా లేదు. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల) పటం తెచ్చుకుని సర్వే నంబరు పక్కన వాగు, కాలువ, చెరువు శిఖం ఉన్నాయేమో చూసుకోవడం సర్వేయరు ఒక పూటలో చేసే పని.

కొలత దగ్గర కూడా జాగ్రత్త కావాలి. తిరుపతి, చిత్తూరు వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట, నాయుడుపేట వంటి పాత నెల్లూరు ప్రాంతాలు కలిశాయి. ఒకే జిల్లాలో ఒకే మాటకు రెండు కొలతలన్నమాట. ఒప్పందంలో అంకణాలు రాసినా పక్కనే చదరపు మీటర్లు, నాలుగు హద్దుల పొడవులు రాయకపోతే అది దావాకు విత్తనమే.

అనుమతి: సంతకం పెట్టిందెవరు, ఏ అధికారంతో

తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) 1981లో 1975 పట్టణాభివృద్ధి చట్టం కింద ఏర్పడింది, ఇప్పుడు 2016 చట్టం కింద పనిచేస్తోంది. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో నగరపాలక సంస్థలయ్యాయి. చిత్తూరు పట్టణాభివృద్ధి సంస్థ 2019లో వచ్చింది. అందువల్ల తిరుపతిలో 2005 నాటి ప్లాన్‌కు పురపాలక సంఘం అధికారం, 2010 నాటిదానికి కార్పొరేషన్ అధికారం వేర్వేరుగా చూడాలి. తుడా పరిధిలోని గ్రామాల్లో పంచాయతీ ముద్ర ఒక్కటే ఉన్న ప్లాన్లు ఎక్కువగా కనబడతాయి. లేఅవుటుకూ అంతస్తులకూ తుడా సాంకేతిక ఆమోదం ఉందా అన్నది అక్కడ మొదటి ప్రశ్న.

2017 నిబంధనల్లో అపార్ట్‌మెంట్ల వంటి కట్టడాలకు ఒక హామీ పద్ధతి ఉంది. కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని నోటరీ అఫిడవిట్ ద్వారా మంజూరు అధికారికి తనఖాగా చూపాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. కొనబోయే ఫ్లాటు ఆ 10 శాతంలో ఉందా అని మంజూరు పత్రంలో చూడాలి. అమ్మకందారు ఆ విషయం చెప్పకుండా అగ్రిమెంటు రాస్తే తర్వాత రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కు వస్తుంది.

కట్టడం పెద్దదైతే ఇతర అనుమతులూ చేరతాయి. మొత్తం నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. రేణిగుంట విమానాశ్రయం ఎత్తు పరిమితుల్లోకి వచ్చే చోట ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నిరభ్యంతర పత్రం, తడ, సూళ్లూరుపేట తీరం వైపు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు చూడాలి.

డీవియేషన్‌పై (మంజూరైన ప్లాన్‌కు భిన్నంగా కట్టడంపై) నోటీసు వచ్చినవారికి 2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు కీలకం. నవంబర్ 13న ఇచ్చినదాని ప్రకారం కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇచ్చి, వివరణ విని, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. రోడ్డు, కాలిబాట, నది, చెరువు ఆక్రమణలకు ఈ రక్షణ లేదు. డిసెంబర్ 17న ఇచ్చిన తీర్పు మాత్రం అక్రమ కట్టడాలపై కఠినంగా ఉంది. మంజూరైన ప్లాన్‌ను సైటులో ప్రదర్శించాలని, విద్యుత్తు, నీటి కనెక్షన్లు ఓసీ చూశాకే ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఓసీ పరిశీలించాకే ఆ భవనం హామీగా అప్పు ఇవ్వాలని చెప్పింది. ఈ ఆదేశాలు పూర్తిగా అమలైతే ఓసీ లేని ఫ్లాట్లను తిరిగి అమ్ముకోవడం కష్టమవుతుంది.

ఒప్పందం: వివాదాల్లో సింహభాగం ఇక్కడే

సొంత ఇల్లు కట్టించేవారు సాధారణంగా రెండు రకాలుగా మాట్లాడుకుంటారు: లేబరు మాత్రమే, లేదా మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకు ఇంత. రెండో రకంలో తగవు దాదాపు ఎప్పుడూ కొలత మీదే వస్తుంది. సన్‌షేడ్, బాల్కనీ, మెట్ల పైగది, సంపు, కాంపౌండు గోడ లెక్కలో ఉన్నాయా? ప్లింత్ ఏరియానా, స్లాబ్ ఏరియానా? ఐఎస్ 1200 కొలత ప్రమాణాలు ఉన్నాయి కానీ ఒప్పందంలో వాటి పేరు రాస్తేనే అవి నేరుగా వర్తిస్తాయి. రాయకపోతే ఇరుపక్షాల నడవడి, బిల్లులు, సాక్షులే ఆధారం.

రాతపూర్వక ఒప్పందమే లేకపోయినా అంతా పోయినట్టు కాదు. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మరొకరు లాభపడితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70 కింద దాని విలువ రాబట్టుకోవచ్చు. అదనపు పనుల బిల్లులకు కాంట్రాక్టర్లకు ఉన్న ప్రధాన ఆధారం ఇదే. అయితే ఆ పనికి ఒప్పందంలోనే రేటు రాసి ఉంటే ఈ సెక్షన్ పనికిరాదు.

ఆలస్యం విషయంలో సెక్షన్ 55ను చాలామంది పట్టించుకోరు. గడువు కీలకమని ఒప్పందంలో ఉండి, కాంట్రాక్టరు ఆలస్యం చేసినా యజమాని పనిని అంగీకరిస్తే, పరిహారం అడుగుతానని ఆ సమయంలోనే నోటీసు ఇచ్చి ఉండాలి. ఇవ్వకపోతే ఆ హక్కు పోతుంది. తాళాలు తీసుకునే రోజున "ఆలస్యానికి పరిహారం కోరే హక్కు నిలుపుకుంటూ స్వాధీనం తీసుకుంటున్నాం" అని ఒక్క వాక్యం రాసి ఇవ్వడం ఎంతో మేలు. రోజుకు ఇంత జరిమానా అని ఒప్పందంలో రాసుకున్నా, అది సెక్షన్ 74 కింద గరిష్ఠ హద్దే తప్ప ఖాయంగా వచ్చే మొత్తం కాదు. నష్టాన్ని రుజువు చేయగలిగిన చోట రుజువు చేయాల్సిందేనని 2015 కైలాష్ నాథ్ అసోసియేట్స్ తీర్పు చెప్పింది.

ప్రభుత్వ పనుల తీరు వేరు. రాష్ట్ర శాఖల ఒప్పందాలు చాలావాటిలో ఆర్బిట్రేషన్ షరతు రూ.50,000 వరకే ఉండి, అంతకు మించిన క్లెయిములు సివిల్ కోర్టులో దావా వేసి తేల్చుకోవాలని ఉంటుంది. క్లాజు చదవకుండా ఆర్బిట్రేటరును కోరుతూ హైకోర్టుకు వెళ్తే విలువైన నెలలు పోతాయి. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద 2 నెలల నోటీసు తప్పనిసరి. రుజువు విషయానికొస్తే ఎం-బుక్‌కు (పని కొలతలు రాసే పుస్తకానికి) మించింది లేదు. అదనపు ఐటమ్‌కు ఇంజినీరు రాతపూర్వక ఆదేశం, గడువు పెంపు ఉత్తర్వులో జరిమానా లేకుండా అన్న మాట, సైటు అప్పగించిన తేదీ పత్రం లేకపోతే కేసు బలహీనమవుతుంది. "ఇక ఏ క్లెయిమూ లేదు" అని ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టినవారు, అది ఒత్తిడితో పెట్టిన సంతకమని ఆధారాలతో చూపగలగాలి. 2009 బోఘారా పాలీఫ్యాబ్ తీర్పు ఇక్కడ ప్రామాణికం. వట్టి ఆరోపణ సరిపోదని అది స్పష్టం చేసింది.

విలువ రూ.3 లక్షలు, ఆపైన ఉన్న నిర్మాణ ఒప్పంద వివాదాలు 2015 వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వస్తాయి. అత్యవసర ఉపశమనం అడగని పక్షంలో సెక్షన్ 12-ఏ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే. 2022లో సుప్రీంకోర్టు దీన్ని తప్పనిసరి చేసింది, ఆ దశ దాటవేస్తే దావా తిరస్కరణకు గురవుతుంది.

ఫ్లాటు కొన్నవారు: రెరానా, కమిషనా?

రెరా రిజిస్ట్రేషన్ మినహాయింపు 500 చదరపు మీటర్లు మించని స్థలం లేదా 8 మించని ఫ్లాట్లు ఉన్న ప్రాజెక్టులకు ఉంది. 500 చదరపు మీటర్లంటే తిరుపతి కొలతలో దాదాపు 149 అంకణాలు. అంటే నగరంలో ఇరుకు వీధుల్లో లేచిన చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు రిజిస్ట్రేషన్ బయటే ఉండే వీలుంది. అలాంటి చోట రెరాలో పరిధి మీదే వాదన మొదలవుతుంది. కాబట్టి వినియోగదారుల కమిషన్ నిలకడైన దారి.

రిజిస్టరైన ప్రాజెక్టులో రెరా బలం వేరు. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. సెక్షన్ 14(3) కింద స్వాధీనం నుంచి 5 ఏళ్లలోపు చెప్పిన లోపాన్ని 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇది స్తంభాలు, బీముల లోపాలకే అన్న అపోహ విస్తృతంగా ఉంది. పనితనం, నాణ్యత, సేవల లోపాలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. అందువల్ల నాలుగో ఏట దిగిన చెమ్మ కూడా దాని కిందికి వస్తుంది. డబ్బు వాపసు, వడ్డీ కోసం అథారిటీ దగ్గర, పరిహారం కోసం న్యాయనిర్ణయ అధికారి దగ్గర వేర్వేరుగా అడగాలి. బిల్డరు అప్పీలుకు వెళ్లాలంటే తీర్పులోని మొత్తాన్ని ముందే జమ చేయాలన్న సెక్షన్ 43(5) కొనుగోలుదారులకు గట్టి రక్షణ. ఉత్తర్వు వచ్చాక వసూలు మాత్రం భూమిశిస్తు బకాయి పద్ధతిలో రెవెన్యూ యంత్రాంగం ద్వారా జరగాలి కాబట్టి ఆ దశకు ఓపిక కావాలి.

వినియోగదారుల కమిషన్‌లో జిల్లా పరిధి రూ.50 లక్షలు. ఇందులో చూసేది చెల్లించిన ప్రతిఫలాన్ని, అడిగే పరిహారాన్ని కాదు. కొన్నవారు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. చెన్నై, బెంగళూరు బిల్డర్ల దగ్గర కొన్న తిరుపతివాసులకు ఇది పెద్ద సౌకర్యం. రెరా ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2020 ఇంపీరియా స్ట్రక్చర్స్ తీర్పు, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా అడ్డు కాదని 2018 ఎమ్మార్ ఎంజీఎఫ్ తీర్పు చెప్పాయి. 2 ఏళ్ల గడువు దాటినా ఓసీ ఇవ్వకపోవడం కొనసాగుతున్న తప్పేనని 2022లో సమృద్ధి సొసైటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన ఉదాహరణలోని కుటుంబానికి ఓసీ విషయంలో ఇంకా దారి తెరిచి ఉందన్నమాట.

స్థలం డెవలప్‌మెంటుకు ఇచ్చిన యజమాని కూడా వినియోగదారుడు కావచ్చు. 2008 ఉప్పల్ ఏజెన్సీస్ తీర్పు, విశాఖపట్నం నుంచి వెళ్లిన 2016 వాసుదేవ కన్‌స్ట్రక్షన్స్ తీర్పు దీనికి ఆధారం. నిర్వహణలో ఇద్దరికీ పెత్తనం, లాభనష్టాల్లో ఇద్దరికీ వాటా ఉన్న అసలైన ఉమ్మడి వ్యాపారమైతే మాత్రం ఆ హోదా రాదు. అగ్రిమెంటు పైన "జాయింట్ వెంచర్" అని రాసినంత మాత్రాన సరిపోదు, లోపలి షరతులే నిర్ణయిస్తాయి.

పోలీసు కేసు గురించి క్లుప్తంగా: మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితేనే అది చీటింగ్ అవుతుంది. ఒకే ఫ్లాటును ఇద్దరికి అమ్మడం అలాంటిది. నాసిరకం పని, ఆలస్యం సివిల్ తగవులే.

పక్కిల్లు, పనివారు

సెల్లారు తవ్వితే పక్కింటి గోడ బీటలు వారడం ఇరుకు వీధుల్లో మామూలైంది. ఈజ్‌మెంట్ చట్టం సెక్షన్ 7 కింద పక్క నేల ఆసరా పొందే హక్కు సహజ స్థితిలో ఉన్న నేలకే ఉంది, దాని మీది కట్టడం బరువుకు కాదు. 20 ఏళ్లుగా ఆ ఆసరా అనుభవిస్తున్న ఇంటికి సెక్షన్ 15 కింద హక్కు రావచ్చు. కొత్త ఇల్లయితే నిర్లక్ష్యం మీద పరిహారం కోరాలి. అందుకు తవ్వకానికి ముందు గోడ ఎలా ఉందో ఫోటోలు ఉండటం అవసరం.

కూలీ గాయపడితే యజమానికి బాధ్యత ఉందా అన్నది పని స్వభావాన్ని బట్టి మారుతుంది. 1923 చట్టం సెక్షన్ 12 కాంట్రాక్టరు పైన ఉన్న అసలు యజమానిని బాధ్యుణ్ని చేసేది, ఆ పని అతని వ్యాపారంలో భాగమైనప్పుడే. బిల్డరుకు అది వర్తిస్తుంది, సొంతిల్లు కట్టించుకునే ఉద్యోగికి సాధారణంగా వర్తించదు. ప్లాన్ ఫీజులతో వసూలు చేసే 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు వేరు, ఈ పరిహారం వేరు. సెస్సు కట్టాం కాబట్టి బాధ్యత తీరిందనుకోవడం పొరపాటు.

చట్టం నెగ్గాలంటే కాంక్రీటు సాక్ష్యం చెప్పాలి

లోపం ఉందని ఫిర్యాదులో రాస్తే చాలదు, ఎందుకొచ్చిందో ఇంజినీరు నివేదిక చెప్పాలి. ప్లాస్టరు మీది వెంట్రుక పగుళ్లు, బీము చివర ఏటవాలుగా పడిన పగుళ్లు, కమ్మీ వెంట తుప్పు మరకతో పడిన గీత ఒకటి కావు. మొదటిది క్యూరింగ్ లోపం కావచ్చు, రెండోది భారానికి చాలని డిజైను కావచ్చు, మూడోది కవరు తక్కువై తేమ చేరడం వల్ల కావచ్చు.

కాంక్రీటు బలానికి ఐఎస్ 456:2000 ప్రమాణం. 150 మిల్లీమీటర్ల క్యూబులను 28 రోజులకు పరీక్షించాలి. 1 నుంచి 5 ఘనమీటర్ల పోతకు ఒక నమూనా, 6 నుంచి 15 వరకు రెండు, 16 నుంచి 30 వరకు మూడు, ఒక్కో నమూనాకు మూడు క్యూబులు. ఆ రికార్డు లేకపోతే కట్టిన కట్టడం నుంచే కనీసం మూడు కోర్లు తీయాలి. వాటి సగటు బలం ఆ వయసుకు తగిన క్యూబు బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కంటే దిగకూడదు. రీబౌండ్ హ్యామర్ పరీక్ష ఉపరితలం గురించే చెబుతుంది కాబట్టి దాని మీదే కేసు నిలబెట్టడం మంచిది కాదు. అల్ట్రాసోనిక్ పరీక్ష, కోర్లు తోడైతే నివేదిక గట్టిపడుతుంది. ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనూ, ఐఐటీలోనూ సివిల్ విభాగాలున్నందున నిపుణుల కోసం ఈ ప్రాంతవాసులు దూరం పోనక్కర్లేదు.

మరమ్మతు చేయించేశాక కోర్టు కమిషనరు వచ్చినా చూడటానికేమీ ఉండదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద దావాతోపాటే కమిషనర్ కోసం దరఖాస్తు వేయాలి. ఆగలేని మరమ్మతైతే అవతలి పక్షానికి తేదీ చెప్పి నోటీసు ఇచ్చి, వారి సమక్షంలో ఫోటోలు, నమూనాలు తీయాలి. వాట్సాప్ సందేశాలు, ఫోన్‌లో తీసిన ఫోటోలు సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో పార్టీ నింపే భాగం, నిపుణుడు నింపే భాగం విడివిడిగా ఉంటాయి. ఫోను మార్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. స్టాంపు సుంకం తక్కువైన డెవలప్‌మెంట్ అగ్రిమెంటును స్టాంపు చట్టం సెక్షన్ 35 వల్ల కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. లోటు, జరిమానా కడితే సరిదిద్దుకోవచ్చు. అందులోని ఆర్బిట్రేషన్ షరతు కూడా అంతమాత్రాన చెల్లకుండా పోదని 2023 డిసెంబర్‌లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

ఎక్కడ వెతకాలి, ఏ క్రమంలో

చట్టం అసలు పాఠం ఇండియా కోడ్‌లో, జీవోలు రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్‌లో, సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో, కేసుల పురోగతి ఈ-కోర్ట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రాజెక్టు వివరాలకు ఏపీ రెరా, ఈసీకి, నిషేధిత జాబితాకు రిజిస్ట్రేషన్ శాఖ సైటు, అడంగల్, 1-బీ (రెవెన్యూ భూమి రికార్డుల) కోసం మీభూమి. ముందు చట్టం, తర్వాత దాని కింది నిబంధనలు, ఆపైన జీవోలు, చివర్లో తీర్పులు చదవాలి. తీర్పుతో మొదలుపెట్టేవారు అది ఏ పాత సెక్షన్ మీద వచ్చిందో గమనించకుండానే వాడేస్తారు.

ఏ హైకోర్టు మాట చెల్లుతుందన్నదానికీ ఇక్కడ చరిత్ర ఉంది. 1954 జూలై 5కు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు కట్టుబడి ఉండాలని 1955లోనే ఆంధ్ర హైకోర్టు పూర్తి ధర్మాసనం చెప్పింది. ఇనాం, ఎస్టేటు భూముల కేసుల్లో అవి నేటికీ పనికొస్తాయి. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉన్న హైకోర్టు తీర్పులే ఇప్పుడు ఈ జిల్లాల కోర్టులకు శిరోధార్యం. విభజన తర్వాత తెలంగాణ హైకోర్టు ఇచ్చినవి ఆలోచింపజేసేవే తప్ప కట్టడి చేసేవి కావు. తెలుగులో వెతికితే ముందు వచ్చేది ఎక్కువగా హైదరాబాద్ సమాచారమే. జీవో 168 అక్కడ ఇంకా కొనసాగుతుండటంతో ఆ సెట్‌బ్యాక్ పట్టికలనే తిరుపతికీ వర్తిస్తాయని నమ్మేవారున్నారు. రాష్ట్రం పేరు, జీవో తేదీ చూడకుండా ఏ పట్టికనూ నమ్మరాదు.

ఉటంకించబోయే తీర్పు ఇంకా బతికే ఉందా అన్నది చివరి పరీక్ష. 2018 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన నిర్దిష్ట ఉపశమన చట్టం సవరణ పాత ఒప్పందాలకు వర్తించదని చెప్పిన 2022 సుప్రీంకోర్టు తీర్పు తెలంగాణ భూమి కేసులో వచ్చింది. సిద్దంశెట్టి ఇన్‌ఫ్రా ప్రాజెక్ట్స్ వేసిన రివ్యూలో 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టే ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలోని రెండేళ్లలో రాసిన వ్యాసాల్లో, దావాల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంది. కాబట్టి ప్రతి తీర్పుకూ కేసు నంబరుతో రివ్యూ, అప్పీలు, విస్తృత ధర్మాసనానికి నివేదన జరిగాయేమో చూసి, చూసిన తేదీని పక్కనే రాసుకుని ఫైలులో పెట్టాలి. దావా వేసే రోజున మరోసారి చూడాలి.